మసిగుడ్డలకి అంత నునుపెందుకు

నా ఉద్యోగంలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు పలికిన మాట ఒకటుంది: "మశీన్ తో ఠీక్ హై జీ." మిషను బాగానే ఉందండీ అని. కుట్టుమిషన్ల కంపెనీలో సర్వీసు మెకానిక్‌గా ఢిల్లీ, ఘజియాబాద్, నోయిడాల్లో నేను ఎక్కని మెట్లు లేవు. ఏ ఇంటికి వెళ్ళినా మూత విప్పడం, తుడవడం, నూనె వెయ్యడం, నాలుగు గీతలు కుట్టి చూపించి ఆ మాట అనేసి బయటపడటం. చాలాసార్లు అది నిజమే. మిషను బాగానే ఉండేది, కుట్టే బాగుండేది కాదు. ఈ రెండూ వేరువేరు సంగతులని నాకు బుర్రకెక్కడానికి రిటైర్మెంటు దగ్గరపడాల్సి వచ్చింది.

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. "అంకుల్, కింద దారం ఉండ కడుతోంది, టెన్షన్ ఏ నంబరు మీద పెట్టాలి?" అని. నాలుగు మీద పెట్టి చూడరా అంటాను. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు, వీడియోల్లో చూసే ఉంటారు. నంబర్లతో తేలని ఒక కేసు గురించి వాళ్ళకి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందు కాస్త పని సంగతి. మిషను కుట్టుకి రెండు దారాలు కావాలి. పైది సూదిలోంచి వస్తుంది, కిందిది బాబిన్‌లోంచి. రెండూ గుడ్డ మందంలో మధ్యన ఎక్కడో కలుసుకోవాలి. పై దారం వదులైతే కిందివైపు ఉచ్చులు పడతాయి, బిగువెక్కువైతే గుడ్డ ముడుచుకుంటుంది. ఆ బిగువు సరిచెయ్యడానికి మిషను మీద ఒక చిన్న చక్రం, దాని వెనక రెండు రేకు బిళ్ళలు ఉంటాయి. దారం ఆ బిళ్ళల మధ్య నలుగుతూ రావాలి. ఇంతకు మించి మీకు అక్కర్లేదు.

మా వర్క్‌షాపులో అందరికంటే పెద్ద మెకానిక్ ఒక పంజాబీ ఆయన. ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్ళం. నాకు పని నేర్పింది ఆయనే. దక్షిణాదివాళ్ళ ఇల్లని తెలిస్తే చాలు, తెలుగు, తమిళం, మలయాళం అని చూడకుండా ఆ ఫిర్యాదు నా చేతిలో పెట్టేవాడు. ఆయన లెక్కలో మేమంతా ఒక్క ఊరివాళ్ళమే. నేనూ కాదనేవాణ్ణి కాదు. ఆ ఇళ్ళల్లో కాఫీ దొరుకుతుంది కదా!

అలా ఒక వానాకాలం పూట ఘజియాబాద్‌లోని వైశాలికి వెళ్ళాను. మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక అపార్ట్‌మెంటు. ఆ ఇంట్లో పనిచేసే దీదీ తలుపు తీసింది. లోపల్నించి ఇంగువ పోపు వాసన. హాల్లో కిటికీ పక్కన మిషను, దాని ముందు డెబ్బై దాటిన ఒక పెద్దావిడ. నేను హిందీలో మొదలుపెట్టబోతుంటే నా ముఖం చూసి ఆగింది.

"తెలుగువాడివేనా నాయనా?"

"అవునమ్మా. మాది జనగామ దిక్కు."

"అమ్మయ్య! మాది తెనాలి దగ్గర. ఎన్నేళ్ళుంటే ఏం, ఈ మిషను గోల హిందీలో చెప్పలేక చస్తున్నాను."

మాటల్లో తెలిసింది. ఆవిడ భర్త కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆర్.కె. పురం క్వార్టర్లలో ఉన్నారు. ఆయన పోయాక ఈవిడ ఒక్కగానొక్క కూతురి దగ్గరికి వచ్చేసింది. కూతురికి నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అల్లుడు ఉద్యోగం మీద ఎక్కువగా బెంగుళూరులో ఉంటాడు. లోపలి గదిలోంచి ఆ అమ్మాయి గొంతు వినిపిస్తూనే ఉంది, ఆఫీసు మీటింగు కాబోలు, అంతా ఇంగ్లీషు.

"కొంచెం మెల్లిగా మాట్లాడు నాయనా. అమ్మాయి పడుకునే పని చేసుకుంటోంది" అంది ఆవిడ. జ్వరమేమో అనుకున్నాను.

మిషను మీద ఒక గుడ్డముక్క ఉంది. పాత నేతచీరలోంచి చింపింది, చేతిలో ఉందో లేదో తెలియనంత పల్చన. తిరగేస్తే కింద కుట్టంతా ఉచ్చులే.

"ఏం కుడుతున్నరమ్మా?"

"ఏవుందీ, మసిగుడ్డలు" అంది ఆవిడ, నా వైపు చూడకుండా.

ఉన్న దారం లాగి పడేసి కొత్తగా ఎక్కించాను. చక్రం అటూ ఇటూ తిప్పి నాలుగు గీతలు కుట్టాను. కుట్టు గీత గీసినట్టు పడింది. ఆవిడ ఆ ముక్కని ఎడమచేత్తో అందుకుని కళ్ళు మూసుకుని బుగ్గకి రాసుకుంది. మసిగుడ్డని బుగ్గకి రాసుకునే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

"మిషన్ మంచిగనే ఉన్నదమ్మా" అన్నాను. కాఫీ దీదీ తెచ్చిచ్చింది. ఆవిడ కుడిచెయ్యి కొంగులో చుట్టుకుని ఎదురుగా కూర్చుని మా ఊరి సంగతులన్నీ అడిగింది. నేను తృప్తిగా లేచి వచ్చాను.

కొన్నాళ్ళకి అదే ఇంటి నుంచి మళ్ళీ ఫిర్యాదు. చూసి వచ్చిన మిషనుకి మళ్ళీ ఫోన్ రావడం మా దగ్గర పరువు తక్కువ పని. ఉస్తాద్ నలుగురిలో అందుకున్నాడు. "క్యా భాయ్, ఫిర్ ససురాల్ జా రహే హో?" అత్తారింటికి బయల్దేరావా మళ్ళీ అని. అందరూ నవ్వారు. నేను ముఖం ముడుచుకుని సంచీ సర్దుకున్నాను.

"నువ్వెళ్ళాక ఓ పూట బ్రహ్మాండంగా కుట్టింది నాయనా. తర్వాత మళ్ళీ మామూలే" అంది పెద్దావిడ. ఆ మాట నాకు నచ్చలేదు. నేనుండగా కుట్టే మిషను నేను లేనప్పుడు కుట్టకపోవడమేమిటి? సూది మార్చాను. టెన్షన్ స్ప్రింగు మార్చాను. దారం నాసిరకమన్నాను. అదీ చాలక, ఎవరో చక్రం తిప్పేస్తున్నారని తేల్చాను.

"ఈ ఇంట్లో తిప్పేవాళ్ళెవరున్నారు నాయనా?" అని, ఆవిడ నుదుటి మీది స్టిక్కర్ బొట్టు తీసి మిషను బల్ల మీద పెట్టింది. "ఇది ఆ చక్రం మీద గుర్తుగా అంటించు. కదిలిందంటే అప్పుడు నన్నడుగు."

అంటించాను. నాలుగు గీతలు కుట్టాను. చక్కగా వచ్చింది. ఆవిడ మళ్ళీ బుగ్గకి రాసుకుంది. ఇంకొంచెం నున్నగా రాదా అని అడిగింది. నాకు ఒళ్ళు మండింది.

"మసిగుడ్డలకి అంత నునుపెందుకమ్మా?"

ఆవిడ నవ్వింది. "కొన్ని మసిగుడ్డలంతే నాయనా" అంది. కాఫీ గ్లాసు బల్ల మీద ఉంది. "అదుగో, తీసుకో, చల్లారిపోతుంది" అని గడ్డంతో చూపించింది. అంత ఆప్యాయంగా మాట్లాడే మనిషి ఒక్కసారైనా గ్లాసు చేతికి ఎందుకివ్వలేదో నేను ఆలోచించలేదు. తెలుగు ఇళ్ళల్లో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ మాత్రం తట్టాల్సింది. నా ధ్యాసంతా స్ప్రింగు మీదుంది.

మూడోసారి కబురు దీపావళి వెళ్ళాక వచ్చింది. ఊరంతా పొగ, కళ్ళు మండుతున్నాయి. ఈసారి ఉస్తాద్ హాస్యమాడలేదు. "నహీ హోతా తో ఉఠా లావో" అన్నాడు. కుదరకపోతే మిషను వర్క్‌షాపుకి తెచ్చెయ్యమని. తెస్తే మళ్ళీ ఎప్పటికి ఇంటికి చేరుతుందో మాలో ఎవరం చెప్పలేం.

తలుపు తీయగానే లోపల్నించి పసిబిడ్డ ఏడుపు వినిపించింది.

అప్పుడు నాకు మసిగుడ్డల సంగతి అర్థమైంది. మా దిక్కూ అంతే, వాళ్ళ దిక్కూ అంతే, బిడ్డ పుట్టకముందు బట్టలు కుట్టకూడదు. కుడుతున్నామని పైకి అనను కూడా కూడదు. పుట్టాక పురుడు రోజున స్నానం చేయించి, పెద్దవాళ్ళు కట్టి కట్టి మెత్తబడ్డ చీరతో కుట్టిన జుబ్బా మొదట వేస్తారు. కొత్తబట్ట తర్వాతే. ఆ జుబ్బాకి లోపల ఒక్క ఉచ్చు కూడా ఉండకూడదు. పసివాళ్ళ వేళ్ళు ఇంతింతుంటాయి, దారం ఉచ్చులో చిక్కుకుంటే వేలు కమిలిపోతుంది. ఆవిడ అన్ని నెలలూ కుట్టింది మసిగుడ్డలే, నిజమే. చేతికి అలవాటు తప్పకుండా, మిషను సరిగా ఉండేలా చూసుకోవడానికి ఉత్త ముక్కలు కుట్టుకుంటూ కూర్చుంది. లోపల పడుకున్న అమ్మాయికి జ్వరం కాదు. పెళ్ళైన ఎన్నో ఏళ్ళకి నిలిచిన కడుపు, మంచం దిగవద్దన్నారు డాక్టర్లు.

"ఎల్లుండి పురుడు నాయనా" అంది పెద్దావిడ. ముఖం పీక్కుపోయింది. "ఆర్.కె. పురంలో పుట్టిన మనవాళ్ళ పిల్లలు ఎంతమందికి నా చేత్తో మొదటి జుబ్బా కుట్టానో. నా కూతురి బిడ్డకి కుట్టలేకపోతే ఇంక నేనెందుకు చెప్పు?"

ఇంతలో కూతురు గదిలోంచి వచ్చింది. చెవులకి గుడ్డ కట్టుకుని, గోడ పట్టుకుని నడుస్తోంది.

"అంకుల్, మీరు ఈ మిషన్‌ని తీసుకెళ్ళిపోండి ప్లీజ్. వాపస్ భీ మత్ లానా, మళ్ళీ తేనే వద్దు. పొద్దున లేస్తే దీని ముందు కూర్చుని ఏడుస్తోంది. బేబీ బట్టలు ఆన్‌లైన్‌లో తెప్పించేశాను, కాటన్‌వే. అమ్మా, ఇట్స్ ఓకే నా. నువ్వు రెస్ట్ తీసుకో."

పెద్దావిడ మిషను ముందు నుంచి లేచి పక్కకి జరిగింది. నేను మిషను ముందు కూర్చున్నాను. బొట్టు అంటించిన చోటే ఉంది, వెంట్రుకవాసి కూడా కదల్లేదు. కుట్టి చూస్తే ఉచ్చులు. దారం లాగేసి నేను ఎక్కించి కుట్టాను, ఉచ్చులు లేవు.

"మిషన్ మంచిగనే ఉన్నది" అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది. సూదిలోంచి, బిళ్ళల్లోంచి, పైనుంచి కిందదాకా మొత్తం దారం లాగి పడేశాను. మిషను పాదం దించేసి లేచి నిలబడ్డాను. "ఇప్పుడు మీరే ఎక్కించి, మీరే కుట్టి చూపెట్టుండ్రి అమ్మా. ఏడ తప్పు జరుగుతున్నదో నేను చూస్త."

ఆవిడ వచ్చి మిషను ముందు కూర్చుంది కానీ దారం ముట్టుకోలేదు. కుడిచెయ్యి కొంగులోనే ఉంది. కూతురు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"నువ్వు ముందు కాఫీ తాగు నాయనా" అంది ఆవిడ.

"కాఫీ తర్వాతమ్మా."

వంటింట్లో ఉన్న దీదీకి మా తెలుగు అర్థం కాదు. కానీ దారం ఊడిపడి ఉండటం, అమ్మగారు మిషను ముందు ఊరికే కూర్చోవడం చూసింది. రోజూ చేసే పనే కదా అన్నట్టు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "లాయియే అమ్మాజీ" అంది, ఇలా ఇవ్వండన్నట్టు. పెద్దావిడ కళ్ళతో వద్దు వద్దంటూనే ఉంది. దీదీ చూడలేదు. రీలు నుంచి కొక్కానికి, కొక్కం నుంచి బిళ్ళలకి, అక్కడి నుంచి పైకీ కిందకీ, చివరికి సూదిలోకి, ఒక్క మలుపు తప్పకుండా దారం ఎక్కించి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కూతురు నెమ్మదిగా దగ్గరికొచ్చింది. "అమ్మా, దారం దీదీ ఎక్కిస్తోందా? నువ్వు ఎక్కించలేవా?"

పెద్దావిడ కొంగులోంచి చెయ్యి తీసింది. వేళ్ళు కొద్దిగా వంగి ఉన్నాయి. చూపుడువేలు, బొటనవేలు కలపబోయింది, కలవలేదు.

"ఎప్పట్నించి?"

"నీకు నెల తప్పిన కొత్తల్లో. తిమ్మిరనుకున్నాను. ఇప్పుడు మొద్దుబారిపోయింది, ఏం ముట్టుకున్నా తెలీటం లేదు. నీతో చెబితే నువ్వు మంచం దిగి నా వెంట ఆస్పత్రులు తిరిగేదానివి. డాక్టరేమో మంచం దిగొద్దంది. ఎట్లా చెప్పను?"

ఆ అమ్మాయికి కోపం ముంచుకొచ్చింది. "పాగల్ హో క్యా అమ్మా? ఇన్ని నెలలు!" అని, మరుక్షణం ఏడ్చేసింది. కాఫీ గ్లాసు నా చేతికెందుకు రాలేదో నాకు అప్పుడు తెలిసింది. పెద్దవాళ్ళు ఎడమచేత్తో ఏదీ ఇవ్వరు. ఆవిడకి ఇంకో చెయ్యి లేదు.

నేను వాళ్ళిద్దరినీ చూడలేక మిషను వైపు తిరిగాను. అప్పుడు కనిపించింది నాకు. దీదీ దారమంతా ఎక్కించింది కానీ గుడ్డని అదిమిపట్టే ఇనపపాదం ఎత్తలేదు. పాదం కిందికి దిగి ఉంటే ఆ రెండు రేకు బిళ్ళలు బిగుసుకుని ఉంటాయి. దారం వాటి మధ్యకి దూరదు, అంచు మీద ఊరికే ఆని ఉంటుంది. చూడటానికి ఎక్కినట్టే కనిపిస్తుంది. ఇక చక్రం ఎంత తిప్పినా గోడకి చెప్పినట్టే.

"అమ్మా, దారం ఎక్కించేటప్పుడు పాదం ఎత్తాలని ఆమెకు చెప్పినరా?" అన్నాను.

ఆవిడ నా వైపు తెల్లబోయి చూసింది. "పాదమా? ఎత్తాలా?" అంది. ఒక్క క్షణం ఆగి, ఆ మొద్దుబారిన కుడిచెయ్యే దానంతటది మిషను వెనకవైపు మీట దగ్గరికి వెళ్ళింది. వెళ్ళి అక్కడ ఆగింది. ఆవిడ తన చేతిని తనే వింతగా చూసుకుంది. "ఓరి నాయనో! నేను ఎత్తేదాన్ని కదూ? దానికి రీలు చెప్పాను, కొక్కాలు చెప్పాను, సూది చెప్పాను. ఇది చెప్పాలని నాకే తెలీదు."

నాకూ తెలీదు. వెళ్ళిన ప్రతిసారీ ఆ ఇంట్లో పాదం ఎత్తి దారం ఎక్కించాను, ఎత్తుతున్నానని ఒక్కసారీ గమనించలేదు. సాయంత్రం ఉస్తాద్‌కి ఈ సంగతి చెప్తే తన ముందున్న మిషను పాదం ఎత్తి, దించి చూశాడు. "తుఝే మైనే సిఖాయా థా?" అన్నాడు చివరికి. మీరు నేర్పలేదు, మీ చెయ్యి చూసి నేర్చుకున్నాను అన్నాను. "ముఝే భీ కిసీనే నహీ బతాయా" అన్నాడాయన, తనకీ ఎవరూ చెప్పలేదని. పని బాగా వచ్చినవాడు దాంట్లో సగం నోటితో చెప్పలేడు. వింటున్నారా పిల్లలూ! మీరు కస్టమర్ ఇంటికి వెళ్తే మీరు కుట్టి చూపించకండి. వాళ్ళని కుట్టమని పక్కన కూర్చోండి. వాళ్ళు మొహమాటపడితే కాఫీ తాగుతూ కూర్చోండి.

ఆవిడ చేతికి మెడ దగ్గర నరం నొక్కుకుపోయిందట. వైద్యంతో కొంత తేరుకుందని తర్వాత ఫోన్‌లో చెప్పింది. పూర్తిగా రాలేదు. నేను చెప్పదలుచుకున్నది మాత్రం ఆ పూట జరిగిందే.

కూతురు ఫోన్ చేతిలోకి తీసుకుంది. "ఇప్పుడే వెళ్దాం. క్యాబ్ బుక్ చేస్తున్నాను."

"ఇది కుట్టి వస్తాను."

"అమ్మా!"

"ఇన్ని నెలలు ఆగింది, ఇంకో గంటాగదా? నువ్వు పచ్చి బాలింతవి, ఎట్లా వస్తావు? దీదీ వస్తుందిలే నాతో."

ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. ఇద్దరిదీ ఒకే మొండితనం. చివరికి కూతురు ఫోన్ బల్ల మీద పెట్టింది. లోపలికి వెళ్ళి బిడ్డని ఎత్తుకొచ్చి, మిషను పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను పాదం ఎత్తాను. దీదీని పిలిచి మళ్ళీ మొదట్నించి ఎక్కించమన్నాను. ఈసారి దారం బిళ్ళల మధ్యకి దిగింది, పాదం దించి లాగితే బిగువుగా వచ్చింది. ఆ బిగువు దీదీ చేతికి తెలిసింది. "అచ్ఛా, యే బాత్ హై!" అంది, ఇదా సంగతి అన్నట్టు.

జుబ్బా ముక్కలు కత్తిరించే ఉన్నాయి. ముందురోజు దీదీ చేత కోయించిందట. నీలం అంచున్న తెల్లటి నేతచీర, ఆవిడదే. ఆవిడ కుడి అరచేతిని గుడ్డ మీద బరువుగా ఆనించింది, ఎడమచేత్తో జరుపుతూ పోయింది. కాలి కింద పెడల్ మెల్లిగా నొక్కుతోంది. అతుకులు బిడ్డ ఒంటికి ఒరుసుకోకుండా బయటివైపుకే ఉంచి కుట్టింది. కొన్నిచోట్ల గీత వంకర పోయింది. విప్పలేదు. నేను సంచీ సర్దుకోవడం మానేసి నిలబడిపోయాను. మధ్యలో బిడ్డ ఏడిస్తే కూతురు ఒళ్ళో ఊపింది తప్ప లేచి వెళ్ళలేదు.

అయిపోయాక దీదీ దారాలు కత్తిరించింది. పెద్దావిడ జుబ్బాని కూతురి ఒళ్ళో పెట్టింది.

"లోపల వేలు పెట్టి చూడవే. నాకు తెలీటం లేదు."

ఆ అమ్మాయి బిడ్డని దీదీకి అందించింది. జుబ్బా లోపల చెయ్యి పెట్టి ప్రతి కుట్టు మీదా వేలు నడిపింది. చంకలు, మెడ, అంచు. ఎక్కడా ఆగకుండా, ఏదీ వదలకుండా, మొత్తం.

"ఏమీ తగలట్లేదమ్మా. మెత్తగా ఉంది."

పెద్దావిడ గట్టిగా ఊపిరి వదిలింది. ఇన్నాళ్ళూ కొంగులో దాచిన కుడిచేతిని ఇప్పుడు తానే కూతురి ముందుకి చాపింది.

"ఇదుగో. ఇంక ఎవరికి చూపిస్తావో చూపించు."